కాలిన రాయి

ఇందుమతికి డోల్కర్ ఆట మీద ఏ పేచీ లేదు. పేచీ అంతా ఆ పిల్ల మాటలతోనే.

లడఖ్‌లో గడ్డకట్టిన ఒక చెరువు మీద కూర్మయ్య కర్లింగ్ నేర్పేవాడు. శ్రీకాకుళం మనిషి. సైన్యంలో సుబేదారుగా పనిచేసి, రిటైరయ్యాక ఆ మంచును వదల్లేక అక్కడే ఉండిపోయాడు. ఆయన పేరు విని విజయనగరం నుంచి వచ్చింది ఇందుమతి. వచ్చేముందే ఆ ఆట మాటలన్నీ కంఠతా పట్టేసింది. బరువైన నున్నటి రాయిని మంచు మీద జార్చాలి. అవతలి కొసన గీసిన వలయాలు ‘ఇల్లు’. ఇంటి నడిమధ్య చుక్క ‘గుండీ’; దానికి ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్ళదే గెలుపు. ఆఖరి రాయి వేసే అవకాశం ‘సుత్తి’. జారే రాయికి ముందు చీపురుతో మంచును రుద్దుకుంటూ పోతే, అది ఇంకాస్త దూరం వెళుతుంది.

డోల్కర్ ఆ ఊళ్ళో గొర్రెలు మేపే ఇంటి ఆడపిల్ల. ఇందుమతి కన్నా ఏడాది చిన్నది. కూర్మయ్య దగ్గర ఆటతోపాటు తెలుగూ నేర్చుకుంది.

“గుండీని పొయ్యి అంటుంది మాస్టారూ. ఇంటి మధ్యలో ఉండేది పొయ్యే కదక్కా అంటుంది. పోటీలకెళితే నలుగురూ నవ్వుతారు,” అంది ఇందుమతి.

“ఆ పొయ్యి దగ్గరికి రాయిని చేరుస్తోందా?” అన్నాడు కూర్మయ్య.

“చేరుస్తోందనుకోండి. అయినా మాటలు రానివాళ్ళతో ఎలా ఆడేది?”

ఆయన చిన్నగా నవ్వాడు. “రేపు పొద్దున్న మీరిద్దరూ ఆడండి తల్లీ. గెలిచినవాళ్ళే జట్టుకి నాయకురాలు.”

మర్నాడు ఆట చివరిదాకా సమంగా సాగింది. ఆఖరి రాయి ఇందుమతిది. గుండీకి జానెడు దూరంలో డోల్కర్ రాయి కూర్చుని ఉంది. ఇందుమతి రాయిని వదిలి, లేచి, ముందుకురికి చీపురుతో రుద్దసాగింది. సగం దారిలో చీపురు అంచు రాయిని తాకింది. తాకినట్టు ఆమె అరచేతికి మాత్రమే తెలిసింది.

రాయి వెళ్ళి సరిగ్గా గుండీ మీద ఆగింది.

డోల్కర్ అవతలి కొసన వలయాల వైపే చూస్తోంది. కూర్మయ్య గట్టున కూర్చుని ఒక చీపురు పిడికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. ఇందుమతి నోరు తెరవబోయింది. ఈలోగా డోల్కర్ పరుగున వచ్చి వాటేసుకుంది.

“భలే వేశావక్కా,” అంటూ జేబులోంచి గుప్పెడు ఎండు ఆప్రికాట్లు తీసి ఆమె చేతిలో పోసింది.

మధ్యాహ్నం నేర్చుకునేవాళ్ళంతా పొయ్యి వెచ్చగా రాజుకున్న గదిలో చేరారు. కూర్మయ్య సుద్దముక్క ఇందుమతి చేతికిచ్చాడు.

“ఈవేళ మాటలన్నీ నువ్వే చెప్పు,” అని తాను వెనక్కి వెళ్ళి డోల్కర్ పక్కన కూర్చున్నాడు.

ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది. ఒక్కో మాటా బోర్డు మీద రాసి, బొమ్మ గీసి చెప్పింది. డోల్కర్ నోట్సులో రాసుకుంటూ “గుండీ, గుండీ” అని గొణుక్కుంటోంది. కంఠతా వచ్చిన వరసలో చేయి దానంతటదే రాసుకుపోతోంది. ‘కాలిన రాయి’ అని రాశాక గాని తాను రాసిందేమిటో ఆమెకు తట్టలేదు.

“మంచు మీద రాయి ఎలా కాలుతుందక్కా?” అంది డోల్కర్. అందరూ నవ్వారు.

“జారే రాయికి మన చీపురో కాలో తగిలితే... కాలిందంటారు. ఇక అది లెక్కలోకి రాదు. తీసెయ్యాలి.”

“తగిలిందని ఎవరు చెప్పాలి? చూసినవాళ్ళా?”

“కాదు. తగిలించినవాళ్ళే.”

ఆ మాట అంటూనే ఇందుమతి బోర్డు మీంచి చేయి దించింది. కూర్మయ్య వైపు చూసింది. ఆయన తల వంచుకుని స్వెట్టరుకు పట్టిన నూలుపోగు తీసుకుంటున్నాడు.

“పొద్దున నా ఆఖరి రాయి కాలింది డోల్కర్,” అంది. “నేను చెప్పలేదు. గెలిచింది నువ్వు.”

డోల్కర్ ఆమెకేసి కాసేపు చూసింది. తర్వాత నోట్సు కాస్త ముందుకు జరుపుకుంది.

“బోర్డుకి అడ్డంగా నిలబడ్డావక్కా. కాస్త జరిగితే రాసుకుంటాను.”

ఇందుమతి జరిగింది. కళ్ళు మసకబారి తన రాత తనకే కనిపించలేదు.

కూర్మయ్య లేచి, పొయ్యి మీది వెన్న టీ ఒక గిన్నెలో వంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళు గిన్నె చుట్టూ కుదురుకునేదాకా తానూ పట్టుకునే ఉన్నాడు.

“తాగు తల్లీ,” అన్నాడు. “తాగి, తర్వాతి మాట చెప్పు.”