శనివారం దొంగలు

అనగనగా, రాజులూ కోటలూ పోయి, రాజ్యాలన్నీ కంప్యూటర్లలోకి చేరిపోయిన కాలంలో, ఉప్పుటేరు పక్కన ఒక పట్టణం ఉండేది. ఆ పట్టణంలో దొంగలు గోడలకి కన్నాలు వేయడం ఎప్పుడో మానేశారు. కాళ్ళకి మట్టి అంటకుండా, ఎక్కడో కూర్చుని, తీగల వెంట వచ్చి దోచుకుపోయేవారు. ఒకనాడు రైసు మిల్లు కంప్యూటరుకి తాళం పడింది, డబ్బు కడితేనే తీస్తామన్నారు దొంగలు. మిల్లు యజమాని లబోదిబోమంటూ పోలీసుల దగ్గరికి పరిగెత్తితే, దొంగ ఏ వీధి వైపు పారిపోయాడని అడిగారట!

ఆ ఊళ్ళో హైమావతి అని ఒకామె ఉండేది. కంప్యూటర్లకి కాపలా కాసే ప్రోగ్రాంలు రాయడం ఆమె విద్య. స్నేహితుడు వీరభద్రంతో కలిసి, మందుల షాపు మీద రెండు గదులు అద్దెకు తీసుకుని కంపెనీ పెట్టింది. దానికి కంచె అని పేరు పెట్టింది. ఆమె రాసేది, అతను అమ్మేవాడు. పనిచేసే నలుగురూ ఆమెను హైమక్కా అని పిలిచేవారు.

ఆ కంపెనీలో ఒక వింత ఆచారం ఉండేది. శనివారం వచ్చిందంటే అందరూ పని పక్కనబెట్టి దొంగలైపోయేవారు. తాము కట్టిన కంచెని తామే దాటాలని చూసేవారు. ఎక్కడైనా కన్నం కనబడితే "దొరికిందోయ్!" అని కేక వేసేవారు. అప్పుడు పూతరేకుల డబ్బా తెరిచేవారు. మొదటి పూతరేకు కన్నం కనిపెట్టినవాళ్ళకి. రెండోది, ఎవరి రాతలో ఆ కన్నం ఉందో వాళ్ళకి.

"తప్పు రాసినవాడికి కూడా స్వీటేంటి హైమా?" అని నవ్వేవాడు వీరభద్రం.

"ఈరోజు తిడితే రేపు దాచిపెడతాడు భద్రం. దాచిన తప్పుని నేనెక్కడని వెతకను?" అనేది ఆమె.

కంచె మంచిదని పేరొచ్చింది. మొదట రొయ్యల ఎగుమతి వాళ్ళు వచ్చారు. చేతినిండా పని, ఊపిరి సలపలేదు. "శనివారమంతా దొంగాటలెందుకు? మధ్యాహ్నం దాకా చాలు" అన్నాడు వీరభద్రం. హైమావతి కళ్ళ కింద అప్పటికే నల్లచారలు. సరేలే అంది.

తరవాత బ్యాంకులు వచ్చాయి. కంపెనీ అద్దాల మేడలోకి మారింది. హైమక్క మేడమ్ అయింది. "కన్నాలు దొరకడం మనకేమైనా మంచి పేరా? ఎవరి రాతలో దొరికితే వాళ్ళ ప్రమోషన్ ఆపేద్దాం. అవే తగ్గిపోతాయి" అన్నాడు వీరభద్రం. అప్పుడామె ఒక చెవితో ఫోను వింటూ, ఒక చేత్తో చల్లారిపోయిన ఉప్మా తింటోంది. దానికీ సరేలే అంది.

నిజంగానే తగ్గాయి. కొన్నాళ్ళకి శనివారాలు నిశ్శబ్దంగా గడిచిపోసాగాయి. పూతరేకుల డబ్బా చీమల పాలైంది. "చూశావా, మన రాత ఎంత బాగుపడిందో!" అని వీరభద్రం పొంగిపోయాడు. హైమావతికి లోపల ఎక్కడో తేడా కొట్టింది. కానీ ఆమె చాలా అలసిపోయి ఉంది. అలసిన మనిషికి మంచి కబురుని అనుమానించే ఓపిక ఎక్కడిది?

మూడోసారి ఆసుపత్రులు వచ్చాయి. కోస్తా పొడుగునా ఉన్న ఆసుపత్రులన్నిటికీ పెద్ద డాక్టరు రహమతున్నీసా. ఎవరికి ఏ రక్తం ఎక్కించాలో, ఏ మందు పడదో, అన్నీ వాళ్ళ కంప్యూటర్లలోనే ఉన్నాయి. వాటికి తాళం పడితే ఆపరేషన్లు మధ్యలో ఆగిపోతాయి. సోమవారం ఒప్పందం మీద సంతకాలన్నారు.

"ఈ శనివారం దొంగతనం మానేద్దాం. అందరూ సంతకాల ఏర్పాట్లు చూడాలి" అన్నాడు వీరభద్రం.

హైమావతి సరేలే అనబోయింది. ఎందుకో ఈసారి నోరు రాలేదు. "మీరు చూసుకోండి. నేనొక్కదాన్నే దొంగనవుతాను" అంది.

శనివారం పొద్దున్నే తలుపేసుకుని కూర్చుంది. భోజనాల వేళకి కన్నం దొరికింది. చూస్తే అది ఆమె స్వయంగా వదిలిన దొడ్డిదారి! రెండు గదుల కాలంలో, ఎవరైనా ఆపదలో ఫోను చేస్తే చటుక్కున లోపలికి వెళ్ళి బాగుచెయ్యడానికి పెట్టుకుంది. తీరిక దొరికాక మూసేద్దామనుకుంది. ఆ తీరిక ఇంతవరకూ దొరకలేదు. రొయ్యల ఎగుమతి వాళ్ళు మొదలు బ్యాంకుల దాకా, కంచె ఉన్న ప్రతిచోటా ఆ దారి తెరిచే ఉంది.

అక్కడ ఇంకో జాడ కూడా కనిపించింది. తన కంపెనీ మనిషే ఒకరు అంతదాకా వచ్చి, చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళారు. ఆ జాడ నూకరత్నం అనే ఇంజనీరుది. హైమావతి ఆమెను పిలిపించింది.

"ఇది నువ్వు చూశావా?"

నూకరత్నం తల వంచుకుంది. "చూశాను మేడమ్. వేసవిలోనే."

"మరి చెప్పలేదేం?"

"అది మీ రాత మేడమ్. ఇదివరకు ఒకరి రాతలో కన్నం చూపిస్తే వాళ్ళ ప్రమోషన్ పోయింది. ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఇంక మీ తప్పే చూపిస్తే నా ఉద్యోగం ఉంటుందా?"

హైమావతికి కోపం రాలేదు. సిగ్గేసింది. చీమలు పట్టిన డబ్బా కళ్ళ ముందు మెదిలింది. ఇద్దరూ కలిసి సాయంత్రానికి ఆ దారి మూసేశారు.

"మూసేశావుగా! ఇంక నోరెత్తకు. తెలిస్తే ఉన్న బేరాలు కూడా పోతాయి" అని వీరభద్రం బతిమాలాడు.

"మూసేలోపే దొంగ లోపలికొచ్చి ఉంటేనో? ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కోవాలి కదా భద్రం. మనం చెప్పకపోతే ఎలా వెతుక్కుంటారు?" అంది హైమావతి. ఆదివారమంతా కూర్చుని అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. అదృష్టం కొద్దీ ఏ దొంగా రాలేదు. అయినా రెండు బ్యాంకులు మీకో దండం అని వెళ్ళిపోయాయి.

సోమవారం రహమతున్నీసా కలం మూత తీస్తుండగా, ఆమెకీ అంతా చెప్పేసింది హైమావతి.

"ఎవరు రాశారమ్మా ఆ తప్పు?" అడిగింది డాక్టరు.

"నేనేనండి."

"ఎవరు కనిపెట్టారు?"

"మా నూకరత్నం. వేసవిలోనే కనిపెట్టింది. చెప్పడానికి భయపడింది."

"ఎవరికి భయపడింది?"

"నాకేనండి" అంది.

"మీకంటే ముందు రెండు కంపెనీలు వచ్చాయి. ఒకరు తప్పే లేదన్నారు. ఇంకొకరు రాబోదన్నారు. ఇద్దరినీ పంపించేశాను. మా దగ్గర వారం వారం డాక్టర్లందరం కూర్చుని, ఎవరి చేతిలో ఏ పొరపాటు జరిగిందో వాళ్ళ నోటితోనే చెప్పుకుంటాం. అది లేకపోతే మనుషులు పోతారమ్మా. మీరు కన్నం మూశారు, సంతోషం. ఆ భయం ఇంకా తెరిచే ఉంది. అది కూడా మూసి రండి, సంతకం పెడతాను" అని డాక్టరు కలానికి మూత పెట్టేసింది.

హైమావతి తిరిగొచ్చి ప్రమోషన్ల నిబంధన తీసేసింది. మళ్ళీ శనివారమంతా దొంగతనమే అంది. అందరూ విన్నారు, ఒక్కరూ నమ్మలేదు. మొదటి శనివారం కేక వినబడలేదు. రెండో శనివారమూ అంతే. ఇంక తన వల్ల కాదనిపించి, ఆమెకి ఇంటికి వెళ్ళి పడుకోవాలనిపించింది.

మూడో శనివారం అందరినీ హాల్లోకి పిలిచి, డబ్బా తనే తెరిచింది. దొడ్డిదారి సంగతి దాచకుండా చెప్పింది. మొదటి పూతరేకు నూకరత్నం చేతిలో పెట్టింది. రెండోది, అందరూ చూస్తుండగా, తను తింది. చీరంతా చక్కెర పొడి రాలింది.

కాసేపటికి వెనక నుంచి బ్యాంకుల పని చూసే సింహాద్రి గొంతు సవరించుకున్నాడు. "హైమక్కా, నా రాతలోనే ఒకటుంది. చాన్నాళ్ళ కిందటే నేనే చూసుకున్నాను."

ఆ పిలుపు విని హైమావతికి కళ్ళు చెమ్మగిల్లాయి. "కనిపెట్టిందీ నువ్వే, రాసిందీ నువ్వే. అయితే రెండూ నీవే తీసుకో" అంది. హాలంతా గొల్లున నవ్వింది. ఆ తరవాత కేకలే కేకలు. సాయంత్రానికి డబ్బా ఖాళీ అయింది, నెలకి సరిపడా పని తేలింది. వీరభద్రం నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. హైమావతి మాత్రం బల్ల మీద తల వాల్చి, ఎన్నో ఏళ్ళ తరవాత హాయిగా నిద్రపోయింది.

ఆ సంగతి తెలిసి రహమతున్నీసా ఆ సాయంత్రమే వచ్చి సంతకం పెట్టింది. హైమావతిని నిద్ర లేపొద్దని చెప్పి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

కాబట్టి పిల్లలూ, తప్పు చెప్పినవాళ్ళని శిక్షించే ఇంటికి ఎంత గట్టి కంచె ఉన్నా కాపలా లేనట్టే. తన తప్పు తానే ముందుగా చెప్పగలిగినవాళ్ళే అసలైన కావలివాళ్ళు.