గూటవ్వకు పసుపు అంటిన రోజు

ఒకప్పుడు, లోకంలో దూడ అన్నదే లేని రోజుల్లో, పుల్లావు పొద్దుగూకేవేళ ఒక నున్నటి రాయిని నాకుతూ నిలబడేది. దూడను నాకాలని దాని ఆశ. దూడ ఎక్కడుంది? రాయి ఉంది.

ఆ ఆవు కడుపులో ఒక చిన్న గూడు ఉండేది, పేరు గూటవ్వ. చుట్టూ గోడ, తలుపు మాత్రం లేదు. ఒళ్లో ఒక్క గింజ, దూడ కాబోయే గింజ. దాన్ని చుక్కచుక్కగా సారం తాపి పెంచింది.

"అవ్వా, గోడకవతల ఏముంది?" అని అడిగింది గింజ.

"దారుంది తల్లీ. దారి చివర మెత్తటి పక్కుంది. అక్కడ పడుకుంటేనే నువ్వు దూడవయ్యేది."

చెప్పిందే గానీ అవ్వ గుండె చెరువైంది. పక్క గూళ్లలోని అక్కచెల్లెళ్ల ఒళ్లో ఎన్ని గింజలు పెరిగి, దారి లేక వడలిపోయాయో తను చూసింది. ఇదీ రేపోమాపో అంతే.

నెత్తుటి వాగులో కేకలయ్య పోతుంటే పిలిచింది. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా కేకేసి కావలిదండును రప్పించేది అతనే.

"నాయనా, ఒక్క కేక వెయ్యి. దండు వచ్చి ఈ గోడ పగలగొట్టాలి."

కేకలయ్య అడ్డంగా తలూపాడు. "నాకొచ్చిన కేక ఒక్కటే అవ్వా. 'గాయం!' అని. గాయం లేకుండా వేస్తే దండు మళ్లీ నన్ను నమ్మదు. నిజంగా ముల్లు దిగిన రోజున ఆవు ప్రాణం మీదికొస్తుంది."

"అబద్ధం వద్దులే. ఆ గాయం నేనే అవుతా."

"వాళ్లొస్తే నీ గోడ మిగలదే!"

"గింజ మిగులుతుందిగా."

అవ్వ ఊపిరి బిగబట్టి, గోడను తనే గోటిగీతంత చీల్చుకుంది. కేకలయ్య కళ్లు తుడుచుకుని కేకేశాడు.

అవ్వ ఒళ్లు వాచింది, ఎర్రబడింది, కాలింది. కావలిదండు పెద్ద తెల్లయ్య తనవాళ్లతో వచ్చిపడి గోడను కొరికాడు. గోడ పగిలింది. "అవ్వా!" అంటూ గింజ జారి దారిన పడింది.

"శత్రువు ఏడీ?" అని తెల్లయ్య మూలమూలా వెతికాడు.

అవ్వ మెల్లగా అంది: "ఎవరూ లేరు నాయనా. బిడ్డను సాగనంపాను."

పుండు మీద ఏం పెడతారో తెల్లయ్యకు తెలుసు. చారెడు పసుపు తెచ్చి ఆ చీలిక నిండా అద్దాడు.

పచ్చటి ముద్దైపోయిన అవ్వ అక్కడే కూర్చుని, "బిడ్డొస్తోంది, పక్క సర్దండి" అని గర్భానికి కబురు మీద కబురు పంపింది. నెలలు నిండాయి. ఆ సాయంత్రం పుల్లావు నాకింది రాయిని కాదు.

అప్పటినుంచే, తల్లి కడుపులో గింజ బయలుదేరే ప్రతిసారీ గాయమైందన్న కేక లేస్తుంది. కావలివాళ్లు వస్తారు, గూడు వాచి పగులుతుంది, ఆ చోట పసుపుముద్ద నిలుస్తుంది. కడుపులో బిడ్డ నిలబడితే ఆ ముద్ద కాపలా కాస్తుంది. నిలబడకపోతే చిక్కి చిక్కి తెల్లని మచ్చవుతుంది. అప్పుడు పక్క గూటిలోంచి ఇంకో అవ్వ కేకలయ్యను పిలుస్తుంది.