పావురం మెడ రంగు గడ్డి

అనగనగా ఒక ఊళ్ళో, అందరికీ అన్నీ తెలిసిన ఊళ్ళో, పైడమ్మ అని ఒక కోడలుండేది కన్నా. ఆమె పుట్టింటి కొండని కంకర కోసం పేల్చేశారు. చివరిసారి వెళ్ళినప్పుడు అక్కడ మిగిలిన ఒక్క గడ్డి దుబ్బుని తడిగుడ్డలో చుట్టి తెచ్చి, అత్తింటి పెరట్లో నాటుకుంది.

ఒకప్పుడు కొండంతా ఒక గడ్డి పూసేదని వాళ్ళమ్మ చెప్పేది. ఇప్పుడు అమ్మా లేదు, కొండా లేదు. ఇది ఆ గడ్డేనా కాదా అని పైడమ్మకి ఒకటే బెంగ.

అప్పుడు ఊరు సాయానికొచ్చింది. రామ్మూర్తి మాస్టారు కళ్ళజోడు లేకుండానే చూసి "రెల్లు" అన్నారు. టీకొట్టు గవరయ్య "నిమ్మగడ్డి" అని గుప్పెడు కోసుకుపోయాడు. ఆ టీ తాగినవాళ్ళు రెండ్రోజులు చెంబు వదల్లేదు. అత్త ఎర్నమ్మ "పాములు చేరతాయి" అంది. కోడలు ఏం నాటినా ఆవిడకి అందులో పాములే కనిపించేవి.

ఆ తర్వాత పైడమ్మ పక్కూళ్ళో ఉన్న పిన్నిని అడిగింది.

"వెన్ను తియ్యనీ అమ్మా," అంది పిన్ని. "తెల్లగా వస్తే రెల్లు. పావురం మెడ రంగులో వస్తే మన కొండదే. నేనొచ్చి చూస్తాలే."

మొదటి ఏడు మేక మేసింది. రెండో ఏడు వాన లేదు, గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి బతికించుకుంది. మూడో ఏడు వెన్నులు తీసి, ముదిరి, ఎండలో పావురం మెడలా మెరిశాయి.

అప్పుడు పైడమ్మ పిన్ని దగ్గరికి పరుగెత్తింది. పిన్నికి జ్వరం. నాలుగు రోజులుండి, తగ్గాక ఆటోలో వెంటబెట్టుకొచ్చింది.

పెరట్లో దుబ్బు లేదు. గొయ్యి ఉంది.

"రా వదినా," అంది అత్త. "చూడు, ఎంత మెత్తటి చీపురు కట్టానో! దుబ్బు పీకి పొయ్యిలో పెట్టేశా, పాముల బెడద కూడా వదిలింది."

కొత్త చీపురుకి నూగు రాలగొడతారు కదా, గింజలన్నీ ఆ నూగులోనే ఉంటాయి. అత్త దాన్ని గచ్చు మీద బాగా బాది, ఆ చీపురుతోనే ఆ గింజల్ని మురుగుకాల్వలోకి ఊడ్చేసింది. శుభ్రమైన మనిషి మరి.

పిన్ని ఒక పుల్ల లాగి, ఇంకా రాలని కాస్త నూగుని వెలుగులో తిప్పి చూసింది.

"ఇదేనే అమ్మా. మన కొండదే."

పైడమ్మ కొత్త చీపురు తీసి గోడకి తగిలించింది. అప్పట్నించీ అరిగిపోయిన పాతదానితోనే ఊడుస్తోంది.

"కొత్తది పెట్టుకుని బోడిదానితో ఊడుస్తుంది మా కోడలు," అని అత్త ఊరంతా చెప్పింది. ఊరంతా నవ్వింది. అందరికీ అన్నీ తెలుసు కదా.

కథేమో కంచికి, చీపురేమో గోడకి, నువ్వేమో నిద్రకి.