బండికి బుగ్గచుక్క

రావులపాలెం దాటాక పెద్దరోడ్డు పక్కన వరసగా ఉండే బండ్ల షెడ్లలో తాతారావు మేస్త్రి షెడ్డుకి బోర్డు లేదు. అక్కర్లేదు కూడా. ఆయన చేత ముస్తాబు చేయించుకున్న పికప్ బండి ఎక్కడ కనిపించినా జనం ఇట్టే పోల్చుకునేవారు. తలుపు మీద గీత ఎక్కడ మొదలై ఎక్కడ తేలిపోవాలో, అద్దం పక్కన కుచ్చు ఎంత పొడుగుంటే ముచ్చటగా ఊగుతుందో, ఎంత పొడుగైతే చికాకు పెడుతుందో ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని పేరు. అంతా అయ్యాక, బండి షెడ్డులోంచి కదలబోయే ముందు, ఆయన ఒక పని చేసేవాడు. దీపం మసిలో ఆముదం కలిపి ఒక చిన్న డబ్బాలో ఉంచుకునేవాడు. అందులో ఉంగరపు వేలు ముంచి, ఎడమవైపు హెడ్‌లైటు కింద, చంటిపిల్లకి తల్లి పెట్టినట్టు, ఒక నల్లటి చుక్క పెట్టేవాడు. ఆ తర్వాతే తాళంచెవి చేతికిచ్చేవాడు.

ఈ చుక్కంటే దొరబాబుకి ఒళ్ళుమంట. దొరబాబు ఆయన శిష్యుల్లో మొనగాడు. మూతి మీద మీసం మొలిచిన ఏడు చేరినవాడు, ఇప్పుడు పిల్లల తండ్రి. చెయ్యి మహా శుభ్రం. వాడు స్టిక్కరు అంటిస్తే కింద గాలి బుడగన్న మాట ఉండదు. అలాంటివాడు పొద్దస్తమానం తుడిచి తుడిచి మెరిపించిన చోట గురువు వచ్చి మసి పూసి పోతే ఎలా ఉంటుంది మరి. ఇన్నేళ్ళూ పళ్ళు బిగబట్టి, ఒకనాడు టీ తాగుతూ అడిగేశాడు.

"గురువుగారండీ, తప్పుగా అనుకోకండి. ఇంత సొగసూ చేసి ఆఖర్న మీ చేత్తో మీరే మచ్చ పెడతారేంటండీ? పోనీ దిష్టీ గిష్టీ అని నమ్మే మనిషా అంటే, అదీ కాదు కదా మీరు."

అడిగిన వెంటనే జవాబు చెప్పడం తాతారావు మేస్త్రికి అలవాటు లేదు. గ్లాసు అడుగున మిగిలిన టీ నేలమీద పారబోసి, "ఈసారి వచ్చే బండి నువ్వే చెయ్యరా. మొదటినించి చివరిదాకా నీదే. చుక్క వద్దనుకుంటే మానెయ్యి," అన్నాడు.

దొరబాబు లోలోపల పొంగిపోయాడు. మర్నాడు వచ్చిన బండిని చూశాక ఆ పొంగు కాస్తా చల్లారింది.

అది కోటిలింగం బండి. ఆ చుట్టుపక్కల దాన్ని ఎరగనివాళ్ళు లేరు. ఊళ్ళోని ధర్మసంఘం తరఫున ఏళ్ళ తరబడి అది వైకుంఠ రథంగా తిరిగింది. ఎవరింట్లో మనిషి పోయినా గుమ్మం ముందుకి వచ్చి ఆగేది అదే. ఈమధ్యనే సంఘంవాళ్ళు గాజుపెట్టె ఉన్న పెద్ద బండి తెచ్చుకున్నారు. దాంతో కోటిలింగం తన బండి మీది పేరూ, శంఖచక్రాల బొమ్మలూ, పైన ఉండే మైకూ పీకించేసి, సామాను బాడుగలకి తిప్పుదామనుకున్నాడు. పేరైతే పీకాడు గానీ మచ్చ పోలేదు. నీలం రంగంతా ఎండకి వెలిసిపోయి, స్టిక్కర్లున్న చోట మాత్రం కొత్తగా ఉండిపోయింది. దాంతో 'వైకుంఠ రథం' అన్న అక్షరాలు ముదురు నీలంలో మునుపటి కంటే స్పష్టంగా కనబడుతున్నాయి.

"ఇన్నాళ్ళూ కష్టమొస్తే ముందు నా నంబరే వెతికేవారండి," అన్నాడు కోటిలింగం. "ఇప్పుడు శుభకార్యానికి వస్తానంటే వీధి మొగలోనే ఆపేస్తున్నారు. ఇలాగే ఉంటే బండి అమ్ముకోవడమేనండి. ఇది తప్ప నాకింకో పని రాదు."

అతని వెనక నిలబడ్డ భార్య మంగతాయారు, అమ్మకం మాట వినబడగానే బండి వెనక తలుపు మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడింది.

రంగంతా మార్చాలంటే బండి కాగితాలు కూడా మార్చాలి, ఆ తతంగం కోటిలింగం వల్ల కాదు. కాబట్టి చిన్న చిన్న సొగసులతోనే గట్టెక్కించాలి. దొరబాబు పట్టుదలగా పనిలో దిగాడు. పేరున్న చోట ఆ చివర్నించి ఈ చివరిదాకా మల్లెతీగ స్టిక్కరు పాకించాడు. శంఖం ఉన్నచోట ఒక వెండి నక్షత్రం, చక్రం ఉన్నచోట ఇంకో నక్షత్రం. మైకు తీసేసిన బొక్కల మీద రంగురంగుల దీపాల పట్టీ. తలుపులకి తళతళలాడే గీతలు, చక్రాలకి మూతలు, అద్దాలకి ఎర్రటి కుచ్చులు. చివరికి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే వాడికే ముద్దొచ్చింది. కోటిలింగాన్ని పక్కకి పిలిచి, "ఎవరన్నా అడిగితే కొత్త బండని చెప్పు. బ్రహ్మదేవుడు కూడా పోల్చుకోలేడు," అన్నాడు.

మేస్త్రి ఒకసారి బండి చుట్టూ తిరిగొచ్చి, అలవాటు చొప్పున మసి డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"దీనికెందుకండీ చుక్క," అన్నాడు దొరబాబు నవ్వుతూ. "శవాలబండికి దిష్టి పెట్టేవాడెవడండీ?"

మంగతాయారు ముఖం చిన్నబోయింది. మేస్త్రి అది చూశాడు, దొరబాబు చూడలేదు. "నీ బండి, నీ ఇష్టం," అని డబ్బా మూత పెట్టేశాడాయన.

మొదటి బాడుగ గోదావరి లంకల్లో, అరటితోటల మధ్య ఉన్న ఒక ఊరికి కుదిరింది. బేరమంతా ఫోనులోనే. సుబ్బాయమ్మగారని ఒకావిడ, పురిటికొచ్చిన కూతుర్నీ ఐదోనెల మనవణ్ణీ ఆవేళ అత్తవారింటికి పంపుతోంది. తల్లీబిడ్డా కారులో వెళతారు. వెనకాల ఉయ్యాల, అరిసెలు, చలిమిడి బిందెలు, అరటిగెలలు, సారె సామానంతా బండిలో వెళ్ళాలి. "నీ చేతిపని కదా, నువ్వూ వెళ్ళి చూసి రారా," అని మేస్త్రి దొరబాబుని కూడా ఎక్కించాడు. మంగతాయారు సరేసరి, ముందే ఎక్కి కూచుంది.

బండి వాకిట్లో ఆగగానే పిల్లలు చుట్టూ మూగారు. దొరబాబు కాలరు సర్దుకున్నాడు. సుబ్బాయమ్మగారు మనవణ్ణి చంకనేసుకుని వచ్చి, బండి చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణం చేసింది.

"ఇది ఆ బండే కదూ నాయనా?"

"కాదండి మామ్మగారూ, కొత్త బండండి," అన్నాడు కోటిలింగం, ఎటో చూస్తూ.

ఆవిడ నక్షత్రం మీద వేలు పెట్టింది. "ఇక్కడ శంఖం ఉండేది." దీపాల పట్టీ వంక చూసింది. "అక్కడ మైకు. ఈ తీగ పాకినంత మేరా పేరు. మా ఆయన్ని తీసుకెళ్ళిన రోజున నాకు ఏడుపు రాలేదు. ఏం చెయ్యాలో తోచక ఆ శంఖం వంకే చూస్తూ కూచున్నాను. నాకు తెలీదూ?" కోపంగా అనలేదావిడ. అందుకే దొరబాబుకి మరీ ఇబ్బందిగా ఉంది. "దాచుకోవాల్సినంత చెడ్డదని మీకే అనిపిస్తే, మా పిల్లాడి ఉయ్యాల అందులో ఎందుకు పెడతాను చెప్పు. వెళ్ళిరండి."

ఆవిడ కొడుకు వేరే బండి కోసం ఫోన్లు తిప్పడం మొదలెట్టాడు. అసలే ముహూర్తాల రోజులు, ఏ బండీ ఖాళీగా లేదు. వీళ్ళు వచ్చినదారినే తిరుగుముఖం పట్టారు. దారి పొడవునా కోటిలింగం ఒక్కటే మాటన్నాడు, రేపు అమ్మకానికి పెడతానని. మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరటితోటలకేసి చూస్తూ కూచుంది. దొరబాబుకి తన పని మీద తనకే మొదటిసారి అసహ్యం పుట్టింది. ఎక్కడెక్కడ పాత మచ్చ ఉందో సరిగ్గా అక్కడే మెరుపు పెట్టాడు తను. చూపుడువేలు పెట్టి చూపించినట్టే అయింది.

షెడ్డులో మేస్త్రి అంతా విని, "అడిగితే ఏమని చెప్పావు?" అన్నాడు కోటిలింగంతో.

"కొత్తదని చెప్పానండి."

"పాపం, బండి అక్కడే నిలబడి వింటోంది కదయ్యా," అన్నాడు మేస్త్రి. తర్వాత లుంగీ ఎగ్గట్టి, వేణ్ణీళ్ళ బకెట్టూ గుడ్డా తెచ్చి దొరబాబు ముందు పెట్టాడు. "తియ్యరా."

దొరబాబు తీశాడు. తీగ పోయింది, నక్షత్రాలు పోయాయి, దీపాలు పోయాయి. తన చేత్తో అంటించినవి తన గోళ్ళతోనే పీకుతుంటే ప్రాణం ఉసూరుమంది. కుచ్చుల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి చెయ్యి అడ్డంపెట్టి, "అవి దేన్నీ దాచలేదు, ఉండనీ," అన్నాడు. వెలిసిన నీలం మీద ముదురు నీలం అక్షరాలు మళ్ళీ తేలాయి. అప్పుడాయన మసి డబ్బా మూత తీసి మంగతాయారు ముందుకి చాపాడు.

ఆమె వెనక్కి జరిగింది. "దీనికి పెట్టొచ్చా బాబాయిగారూ? నలుగురూ నవ్వుతారేమోనండి."

"నీ బండేనా, కాదా?"

"మాదేనండి."

"మరైతే పెట్టమ్మా."

ఎన్నాళ్ళనించో ఆ మాట ఎవరన్నా అంటారని కాచుకుని ఉన్నట్టుగా, ఆమెకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఉంగరపు వేలితో హెడ్‌లైటు కింద చుక్క పెట్టింది. రేకు ఇంకా తడిగా ఉండటం వల్ల చుక్క వంకరగా, పెద్దగా పడింది. సరిచేద్దామని దొరబాబు చెయ్యి దానంతటదే లేచింది. మళ్ళీ దించుకున్నాడు.

"ఇప్పుడు అదే ఇంటికి వెళ్ళండి," అన్నాడు మేస్త్రి.

"తిడతారండి."

"తిడితే వచ్చెయ్యండి."

వాళ్ళు వెళ్ళేసరికి సుబ్బాయమ్మగారి వాకిట్లో సారె సామాను అలాగే ఉంది. మంచి ఘడియ దాటిపోతోందని కొడుకు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కోటిలింగం బండి దిగి తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. "ఆ బండేనండి మామ్మగారూ. ఇందాక అబద్ధమాడాను."

ఆవిడ అతని ముఖం కేసి చూడలేదు, బండి కేసి చూసింది. పైనా కిందా చూసి, దగ్గరికి వచ్చి, హెడ్‌లైటు ముందు వంగింది. "ఈ చుక్క ఎవరు పెట్టారు?"

"నేనేనండి," అంది మంగతాయారు.

"దీనికి దిష్టి తగుల్తుందనా?"

"ఏమోనండి. ఎక్కడ మా చెయ్యి దాటిపోతుందోనని భయమండి. ఎవర్ని దింపి వచ్చినా, ఇంటికి రాగానే పసుపునీళ్ళతో నేనే కడుగుతానండి దీన్ని. వాకిట్లో ఇది లేకపోతే నాకు నిద్ర పట్టదండి."

సుబ్బాయమ్మగారి చంకలో మనవడు చెయ్యి చాపి ఎర్రటి కుచ్చు పట్టుకున్నాడు. వాడి బుగ్గన కూడా అలాంటి చుక్కే, అదీ కొద్దిగా చెదిరింది.

"ఆవేళ వీధి చివర మలుపు తిరిగేదాకా చూశాను," అందావిడ. "దారంతా గోతులే. ఒక్క కుదుపు లేకుండా తీసుకెళ్ళారు మా ఆయన్ని." తర్వాత లోపలికి తిరిగి, "అమ్మాయ్, పిల్లాడి కాటుక భరిణె ఇలా పట్రా," అని కేకేసింది. భరిణె రాగానే, కారుతున్న మసిని కొంగుతో తుడిచి, తన వేలితో గుండ్రంగా, దిట్టంగా చుక్క దిద్దింది. "తడి మీద పెడితే నిలవదమ్మా. ఆరాక పెట్టాలి," అంది మంగతాయారుతో. ఆ తర్వాత కొడుకుని పిలిచి ముందుగా ఉయ్యాల ఎక్కించమంది.

పొద్దువాలాక దొరబాబు షెడ్డుకి వచ్చాడు. మేస్త్రి సామాన్లు సర్దుకుంటున్నాడు. వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నేను పెట్టినవన్నీ పోయి, నేను వద్దన్నదొక్కటీ నిలిచిందండీ గురువుగారూ."

తాతారావు మేస్త్రి మసి డబ్బా మూత బిగించి వాడి చేతిలో పెట్టాడు.

"చేత్తో ఆఖర్న పెట్టేదే అయినా, ఇది మనదీ అని మనసులో ముందు అదే పెట్టి ఉంటే, మిగతావి ఎక్కడ పెట్టాలో నీకే తెలిసేదిరా," అన్నాడు.