ఎర్ర టోపీ, నల్ల బిళ్ళ

ఇలా రా మైథిలీ, నా పక్కన పడుకో. చక్రాల బూట్ల హాకీలో కోచ్ నిన్ను పక్కన కూర్చోబెట్టాడని ఇంకా ఆ మూతి ముడుపేనా? ముందు దుప్పటి కప్పుకో. ఊఁ కొడితేనే చెబుతాను.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో వాళ్ళంతా చెరువు మీద నడిచేవాళ్ళు. ఈదడం కాదే, నడవడమే! చలికాలం వస్తే అక్కడ చెరువంతా గడ్డకట్టి ఐసైపోతుంది. మన చెరుకురసం బండి మీదుండే పాటి ఐసు కాదు, ఎద్దులబండి తోలినా పగలదు. మీ తాతయ్య మిలటరీలో ఉన్నప్పుడు కళ్ళారా చూసొచ్చి చెప్పారు.

ఆ ఊళ్ళో చుస్కిత్ అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే. తల మీద ఎర్ర టోపీ. వాళ్ళ ఆబీ అల్లింది. ఆబీ అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ.

పొద్దున లేస్తే చాలు, పిల్లలంతా కాళ్ళకి అడుగున ఇనప బద్దలున్న బూట్లు కట్టుకుని చెరువు మీదకి పరిగెత్తేవాళ్ళు. తలా ఒక కర్ర. మధ్యలో ఒకటే నల్ల బిళ్ళ. దాన్ని కర్రతో తోసుకుంటూ పోయి అవతలివాళ్ళ గోల్‌లో వేయాలి. అదే ఐసు హాకీ.

చుస్కిత్ గాలిలా జారేది. కానీ బిళ్ళ తన కర్ర దగ్గరికి వచ్చిందంటే చాలు, ఎక్కడ పోతుందోనని భయం. తల వంచేసి, కళ్ళు దాని మీదే అతికించేసేది. ఇంక ముందేముందో చూస్తే ఒట్టు!

అలా ఒకరోజు వెళ్ళి మంచుకుప్పలో కూరుకుపోయింది. ఇంకో రోజు తన జట్టు గోల్‌కీపర్నే గుద్దేసింది. ఆ తర్వాత ఏకంగా టీ క్యాను పెట్టిన బల్లని ఢీకొంది. అంత చలిలో టీ ఒలికిపోతే ఊరుకుంటారా ఎవరైనా?

అప్పుడు జట్టు పెద్ద యాంగ్‌చెన్ అక్క వచ్చి అంది: "చుస్కిత్, పది రోజులు దాటితే ఐసు కరిగిపోతుంది. పదో రోజున అవతలి ఊరితో ఆఖరి ఆట ఉంది. అప్పటికి తలెత్తి ఆడగలిగితే ఆటలో ఉంటావు. లేదంటే గట్టు మీద ఉంటావు. తర్వాత మళ్ళీ చలికాలం దాకా ఆట లేదు."

చుస్కిత్ ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళింది. పొయ్యి దగ్గర ఆబీ బార్లీ గింజలు వేయిస్తోంది. మనం పేలాలు వేయించినట్టే, మూకుట్లో ఇసక పోసి, పొడుగాటి కర్రతో కలుపుతోంది.

సంగతంతా విని ఆబీ అంది: "నాలుగేళ్ళ నుంచీ నీ ఆట చూద్దామని ఈ మోకాళ్ళ నొప్పులతో గట్టు దాకా వస్తున్నానే తల్లీ. నాకు కనిపించేది నేనల్లిన టోపీయే. నీ మొహం ఒక్కసారి కూడా కనిపించలేదు."

ఆ మాటకి చుస్కిత్‌కి ఏడుపు ఆగిపోయింది. యాంగ్‌చెన్ అక్క కోపం కన్నా ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు చూసింది ఆబీ చేతుల్ని. కర్ర తిరుగుతూనే ఉంది. ఆబీ మాత్రం మూకుడు వంక చూడనే లేదు! కిటికీలోంచి ఇంటికొచ్చే గొర్రెల్ని లెక్కపెడుతోంది, మధ్యలో కుక్కని కసురుతోంది. ఒక్క గింజ మాడలేదు, ఒక్కటి కింద పడలేదు.

"చూడకుండా నీకెలా తెలుస్తుంది ఆబీ?"

"చెయ్యి చెబుతుంది. రా, నువ్వు తిప్పు."

చుస్కిత్ కర్రని రెండు చేతులా బిగించి పట్టుకుని ఒక్క తోపు తోసింది. చలికాలమంతా ఇంటి కప్పు మీద మంచు తోసిన చేతులు కదా! సగం గింజలు ఎగిరి ఆబీ ఒళ్ళో పడ్డాయి. "ఇది మంచు కాదే, తోసెయ్యడానికి!" అని ఆబీ పడీపడీ నవ్వింది.

రెండోసారి మూకుట్లోకే కళ్ళప్పగించి నెమ్మదిగా తిప్పింది. ఒక్క గింజ పడలేదు. కానీ వెనక నుంచి మేకపిల్ల వచ్చి, వేయించిన గింజలన్నీ బుట్టలోంచి కరకరా నమిలేసింది!

మూడోసారి ఆబీ చుస్కిత్ గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పేసింది. "పై చెయ్యి తిప్పుతుంది. కింది చెయ్యి ఊరికే తోడుంటుంది, పిచ్చుకని పట్టుకున్నట్టు. నువ్వు గొర్రెల్ని లెక్కపెట్టు."

ఒకటి, రెండు, మూడు... పదకొండో గొర్రె దగ్గరికి వచ్చేసరికి గింజలు చిటపటమని సమంగా పేలాయి. చేతికి అన్నీ తెలుస్తున్నాయి!

ఆ తర్వాత ఇంక చుస్కిత్ ఆగితే కదా! కొట్టంలో బిళ్ళ పెట్టుకుని కుడికీ ఎడమకీ, కుడికీ ఎడమకీ, టక్ టక్ టక్. కళ్ళేమో మేకపిల్ల మీద. అది ఎటు గెంతితే అటు చూడాలి, బిళ్ళ మాత్రం కర్ర దాటకూడదు. మొదట్లో వందసార్లు దాటింది. వందసార్లూ తెచ్చుకుంది. తొమ్మిదో రోజున యాంగ్‌చెన్ అక్క వచ్చి చూసి, "సరే, రేపు రా" అంది.

ఆఖరి ఆట. గట్టంతా జనం. చెరో రెండు గోల్స్. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా బిళ్ళ జారుకుంటూ వచ్చి చుస్కిత్ కర్రని తాకింది.

పాత భయం మళ్ళీ వచ్చేసింది. తల వంగబోయింది. అప్పుడు చెయ్యి చెప్పింది: ఉంది, ఇక్కడే ఉంది!

చుస్కిత్ తలెత్తింది. ఎన్ని కనిపించాయనుకున్నావు! ఎదురుగా ఇద్దరు పెద్దపిల్లలు దూసుకొస్తున్నారు. వాళ్ళ మధ్యలో కాస్త సందు. ఆ సందులోంచి చూస్తే గోల్ దగ్గర, తన జట్టులో అందరికన్నా చిన్నది లామో, ఒక్కతే నిలబడి చెయ్యూపుతోంది. పాపం, ఎప్పట్నుంచి ఊపుతోందో!

టక్ టక్ టక్, సందులోంచి బిళ్ళని పంపింది. లామో కొట్టింది. గోల్!

గోల్ కొట్టింది లామో కదా అంటావా? అవును, లామోయే. అయితేనేం, ఆ పిల్లని భుజాల మీద ఎత్తుకుని చెరువంతా తిప్పింది మాత్రం మన చుస్కిత్తే.

ఆ తర్వాత గట్టు దగ్గరికి వచ్చింది. ఆబీ రెండు చేతులతో ఆ ఎర్ర టోపీ వెనక్కి నెట్టి, కళ్ళు తుడుచుకుంటూ అంది: "ఆడేటప్పుడు నువ్వు నాలిక బయటపెడతావని ఇన్నేళ్ళూ నాకు తెలీనే తెలీదే!"

నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. రేపు నీ ఆటకి నేనూ వస్తున్నాను. అంత దూరం వచ్చేది నీ హెల్మెట్ చూడ్డానికి కాదు, తెలిసిందా?

చెరువు మీద ఐసు కరిగి నీళ్ళయింది,
చుస్కిత్ కర్ర మూలకెళ్ళి నిలబడింది.
మేకపిల్ల బార్లీ మేసి పడుకుంది,
కథేమో కంచి దారి పట్టింది,
మా మైథిలి నిద్ర దారి పట్టింది.