వాలుబాట మీద పడుకున్న ఎద్దు

గోదారి సముద్రంలో కలిసేచోట ఒక చిన్న లంక ఉంది. లంక మీద ఒకటే కొబ్బరితోట, తోటలో గుంజల మీద ఎత్తుగా కట్టిన ఒకటే చెక్క ఇల్లు. పోటు మీద పడవలో వచ్చే అతిథులకి రైతు నూకరాజు దాన్ని నాలుగేసి రోజులు ఇస్తుంటాడు. ఆ ఇంటికి మెట్లు లేవండి. నడవలేనివాళ్ళ చక్రాల కుర్చీ ఎక్కడానికి, రెండువైపులా కర్రపట్టీలు కట్టి వాలుబాట వేశాడు. కుక్కల్ని కూడా రానిస్తాడు. మనిషికి ఇంత ఆలోచన ఎలా వచ్చిందా అని నాకిప్పటికీ వింతే.

ఆ తోటలో పుల్లయ్య అనే ముసలి ఎద్దు ఉండేది. జోడెద్దు చచ్చిపోయాక దానికి కాడి కట్టేవాడు లేడు, పలకరించేవాడూ లేడు. గాలికి కొబ్బరాకు గలగలమంటే ఎవరో పిలిచారనుకుని తల తిప్పేది. ఏడాదికోసారి చక్రాల కుర్చీలో వచ్చే సుభాషిణమ్మగారి కుక్క ముత్యాలు ఒక్కతే దానికి నేస్తం.

"రేపు పోటుకి ముత్యాలు వస్తుందిరా అల్లుడూ," అంది పుల్లయ్య, నూకరాజు కోళ్ళ కోసం తోటలో తచ్చాడే నక్కతో.

నక్కకి ఆ మాట గిట్టలేదు. ముత్యాలు ఉన్నన్నాళ్ళూ కోళ్ళగూటి వైపు మూతి తిప్పడానికి లేదు.

"వస్తుంది మామా. వచ్చి తిన్నగా ఇంట్లోకి పోతుంది. పోయినేడు నీ దగ్గర ఎంతసేపుందేం?"

"రెండు పూటలు."

"మరి? వెళ్ళి వాలుబాట మీద పడుకో. నిన్ను పలకరించకుండా ఎవరెక్కుతారో చూద్దాం. ఎంత అదిలించినా లేవకు. లేచావా, పాకలోకి తోలేస్తారు."

"తప్పేమోరా."

"నీ ఇష్టం. ఆ కట్టుగొయ్యతోనే కబుర్లు చెప్పుకో."

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

మర్నాడు పడవ వచ్చింది. అమ్మగారు ఇల్లు చేరాక దింపుదామని ముత్యాల్ని పడవలోనే కట్టి ఉంచారు. కుర్చీ తోసుకొస్తే ఏముంది, వాలుబాట నిండా పుల్లయ్యే.

"హై, లే!" అని నూకరాజు వీపు మీద తట్టాడు. పడవవాడు భుజం పెట్టి నెట్టాడు. అమ్మగారు వంగి గంగడోలు నిమిరి, "లేవయ్యా బంగారం," అన్నారు.

పుల్లయ్య కళ్ళు మూసుకుంది. జోడు పోయాక ఒంటి మీద ఇన్ని చేతులు పడటం అదే మొదలు. నెడుతుంటే ముద్దు చేస్తున్నారనుకుంది. ఇంకాస్త ఒదిగి పడుకుంది.

నూకరాజు కర్ర తీశాడు.

"కొట్టకు నాయనా, ముసలి ప్రాణం," అన్నారు అమ్మగారు.

"ఆటు మొదలైందమ్మగారూ! ఇప్పుడు కదలకపోతే పడవ బురదలో దిగబడిపోద్ది," అన్నాడు పడవవాడు.

కుర్చీ వెనక్కి తిరిగింది.

అందాకా సముద్రం హోరులో కలిసిపోయిన ముత్యాలు గొంతు, పడవ ఇంటి ముందునుంచి పోతుంటే వినబడింది.

"తాతా! అది బాట కాదు, మా అమ్మగారి కాళ్ళు! నువ్వు ఆవిడ కాళ్ళ మీద పడుకున్నావు తాతా!"

పుల్లయ్య గబుక్కున లేచి నీళ్ళదాకా పరుగెత్తింది. అప్పటికే పడవ కొబ్బరికాయంత అయిపోయింది.

ఆ ఏటికి రావలసిన అతిథులు ఇక ఎవరూ లేరు. నూకరాజు ఇంటికి తాళం వేసి, కోళ్ళని గంపకెత్తుకుని అవతలి ఒడ్డుకి పోయాడు. రోజూ పడవలో వచ్చి పుల్లయ్యకి గడ్డి పడేసి వెళ్ళేవాడు, అంతే. ఖాళీ గూటి చుట్టూ తిరిగి తిరిగి నక్క ఊళవేస్తే, బదులు పలకడానికి ఆ లంకలో ఇంకో నక్కయినా లేదు.

"మామా, నాతోనైనా మాట్లాడు," అంది.

పుల్లయ్య నీళ్ళవైపు తల తిప్పుకుంది. పోటు వచ్చిన ప్రతిసారీ వాలుబాట దగ్గరికి వెళ్ళి, కుర్చీ పట్టేంత చోటు వదిలి, ఓ పక్కగా నిలబడేది.

ఎదురుచూసేవాళ్ళు దారి పక్కన నిలబడాలిగానీ, దారి మీద పడుకోకూడదు.