మూడేళ్లు దాచిన కోత

అనగనగా ఒక చల్లని దేశం. ఎండాకాలంలో కూడా పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చేంత చల్లని దేశం. అక్కడ ఇంటింటి పెరట్లోనూ ఒక ఆపిల్ చెట్టు ఉండేది. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు పిల్ల కంటే ముందు పెరట్లో చెట్టును చూసేవారు.

ఆ ఊళ్లో నాంచారమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆకు రాలిన కాలంలో రంపం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చెట్లకు కొమ్మలు కోసేది. ఏ చెట్టు ఎవరు నాటారో, ఏ ఏట ఎన్ని బుట్టలు కాసిందో అన్నీ నోటికి చెప్పేది. చెట్టు విషయంలో నాంచారమ్మ ఒక మాట అంటే ఇక ఆ ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. అది అక్కడి ఆచారం.

అలాంటి నాంచారమ్మకు మరుపు మొదలైంది. మొదట పొయ్యి మీద పాలు మరిచింది. తరువాత పక్కింటివాళ్ల కోడలి పేరు మరిచింది. తన పెరట్లో గోడ పక్కనున్న చెట్టు పండు కొరికి, "ఇంత తియ్యని చెట్టు నాకెక్కడి నుంచి వచ్చిందబ్బా" అనుకునేది. ఎవరినీ అడిగేది కాదు. అడిగితే మరిచిపోయిందని తెలిసిపోదూ!

ఒక చలికాలం ఆమె బాలక్క ఇంటికి వెళ్లింది. జబ్బు చేసి రెండేళ్లు మంచాన పడి, అప్పుడప్పుడే లేచి తిరుగుతోంది బాలక్క. వాళ్లమ్మ పోతూ పోతూ ఆమె చేతిలో పెట్టిన చెట్టది. ఊళ్లోకెల్లా తియ్యని చెట్టు.

ఆ దేశంలో అడవి ఆపిల్ మొక్క మీద తియ్య ఆపిల్ పుల్లను అంటు కట్టేవారు. అంటు పైన పెరిగేది తియ్యనిది. అంటు కింద నుంచి లేచేది అడవిది, వట్టి పులుపు. ఏటేటా ఆ కింది చిగుళ్లను తీసేసి, అంటు దగ్గర కొత్త ఎర్రదారం కట్టాలి. రెండేళ్లు పట్టించుకునే దిక్కులేక బాలక్క చెట్టుకు దారం కుళ్లి రాలిపోయింది. అడుగు నుంచి అడవి కొమ్మ లేచి, అసలు మానుతో సమానంగా లావెక్కింది.

నాంచారమ్మ రెండు మానుల ముందు నిలబడింది. ఆకుల్లేవు, పూలు లేవు. ఏది తియ్యనిది? ఏది అడవిది?

"ఏదబ్బా?" అని గొణుక్కుంది. "ఏదబ్బా?"

గోడ మీద ఒక గోరింక కూర్చుని వింటోంది.

బాలక్క వంటింట్లోనే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. కాని నాంచారమ్మకు నోరు రాలేదు. రంపం తీసి, ఎడమవైపు మానును నేలకు సమంగా కోసేసింది.

చప్పుడుకు బాలక్క పరుగున వచ్చింది. "అయ్యో అత్తా! అమ్మ చెట్టు అదే కదా? కుడివైపుది అడవిది కాదూ?"

నాంచారమ్మ కింద పడ్డ మాను వైపు చూసింది. దాని మొదట్లో, ఇంతసేపూ గడ్డి కప్పేసిన చోట, అంటు కట్టిన బొడిపె కనబడుతోంది. గబుక్కున దాని మీద కాలు వేసి నిలబడింది.

"నీకు తెలుసా, నాకు తెలుసా? జ్వరాలు పడి లేచావు, నీకేం గుర్తుంటుంది?"

బాలక్క తల దించుకుంది. "నిజమేలే అత్తా. నా బుర్రే పాడైంది."

ఆ కొమ్మలన్నీ నాంచారమ్మ ఇంటికి మోసుకుపోయి పొయ్యిలో పెట్టింది. వాటిలో ఏ పుల్లను అంటు కట్టినా ఆ చెట్టు మళ్లీ బతికేది. ఆ సంగతి తెలిసే కాల్చింది. ఆ మంట దగ్గర కూర్చున్నా ఆమెకు చలి తగ్గలేదు.

మరుసటి ఏడు చెట్టు పూయలేదు. బాలక్క వచ్చి అడిగింది.

"ఎరువు చాల్లేదు" అంది నాంచారమ్మ.

బాలక్క నడుం పడిపోయేదాకా తట్టలు తట్టలు పశువుల ఎరువు మోసి వేసింది. గోడ మీద గోరింక "ఏదబ్బా? ఏదబ్బా?" అని అరిచింది. నాంచారమ్మ దాని మీదకు గడ్డపెళ్ల విసిరింది.

మూడో ఏడు చెట్టు కాసింది. కాయలు గోలీకాయలంత. కొరికితే పళ్లు జివ్వుమన్నాయి. బాలక్క ఒక కాయ తెచ్చి చూపించింది. "ఇదేమిటత్తా? అమ్మ చెట్టు ఇలా అయిపోయిందేం?"

ఇక చెప్పడానికి సాకు ఏదీ మిగల్లేదు. "నీ చేతివాసి మంచిది కాదే" అంది నాంచారమ్మ. అన్నాక నాలుక కొరుక్కుంది. కాని మాట వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి బాలక్క మొక్క ముట్టుకోలేదు. ఒకనాడు గోడ మీదుగా నాంచారమ్మ చూసింది. బాలక్క మిరపనారు పట్టుకుని వీధిలో పోయేవాళ్లను పిలుస్తోంది.

"వదినా, కాస్త ఈ నారు నాటిపెట్టి పోవూ? నేను నాటితే చస్తుంది."

నాంచారమ్మ చూపు తిప్పుకుని ఇంట్లోకి పోయింది. ఎన్నిసార్లు కడుక్కున్నా తన చేతులకు ఆ పొయ్యి బూడిదే అంటుకుని ఉన్నట్టు అనిపించింది.

కొన్నాళ్లకు తొలిపండ్ల పండుగ వచ్చింది. ఊరంతా చేరింది. రాజుగారు స్వయంగా వచ్చి శాలువా తెప్పించారు.

"మన దేశంలో ఏ చెట్టునూ మరవని మనిషి ఈ నాంచారమ్మ" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. బాలక్క మాత్రం చేతులు కొంగులో దాచుకుని వెనకాల నిలబడింది. పండ్ల బుట్టలకు తన చెయ్యి తగలకూడదని.

నాంచారమ్మ ఆ కొంగు చూసింది. శాలువా కప్పబోతున్న రాజుగారిని ఆపింది.

"ప్రభూ, ఇది నాకు వద్దు. నాకు మరుపు వచ్చింది. బాలక్క చెట్టులో ఏది మంచిదో గుర్తులేక మంచిదాన్నే కోశాను. తెలిశాక కాల్చేశాను. తప్పంతా ఆమె బుర్ర మీద, ఎరువు మీద, చేతి మీద నెట్టాను. ఆమె చెయ్యి బంగారం. పాడైంది నా బుద్ధి."

ఎవరో వెనక నుంచి అన్నారు: "అయితే మా చెట్టు కూడా ఇలాగే కోశావేమో!"

"కోశానేమో నాయనా. నాకు గుర్తులేదు" అంది ఆమె. ఆ మాట అంటుంటే నేలలోకి కుంగిపోయినట్టయింది.

బాలక్క ముందుకు వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"మూడేళ్లత్తా! మూడేళ్లు నా బుర్రదే, నా చేతిదే తప్పనుకుని ఏడ్చాను!"

"ఏం శిక్ష వేసినా పడతాను తల్లీ. కాని మీ అమ్మ చెట్టు తిరిగి తేలేను. ఆ జాతిది ఇంకెక్కడా లేదు."

బాలక్క కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. "లేకపోవడమేమిటి? నీ పెరట్లో గోడ పక్కది ఎక్కడిదనుకున్నావు? మా అమ్మ ఇచ్చిన పుల్లే కదా! నువ్వే అంటు కట్టుకున్నావు. నేను దీపం పట్టుకుని పక్కన నిలబడ్డాను."

మూడేళ్లూ నాంచారమ్మ ఆ చెట్టు పండ్లే తింది. ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే మొదటి ఏడే అంతా సరిపోయేది.

రాజుగారు శాలువా మడిచి పక్కన పెట్టించారు. "శిక్ష బాలక్కే చెప్పాలి" అన్నారు.

"ఇకమీదట ఏ చెట్టు మీద రంపం పెట్టేముందయినా ఆ ఇంటివాళ్లను అడగాలి. తెలిసినా అడగాలి" అంది బాలక్క.

చిగురు ఉబ్బే కాలం వచ్చింది. బాలక్క చెట్టును అడుగున కోసి, మొద్దు చీల్చి, గోడ పక్క చెట్టు నుంచి తెచ్చిన పుల్ల అందులో దిగేశారు. దిగేసింది నాంచారమ్మ కాదు, బాలక్క. దారం కట్టే దగ్గర మాత్రం వెనక్కి జరిగింది.

"నువ్వే కట్టు. నీ చేతివాసి చూడాలి నేను" అంది నాంచారమ్మ, ఎర్రదారం అందిస్తూ.

పుల్ల చిగిర్చింది. మూడో ఏట కాసింది. తొలి పండు బాలక్క రెండు ముక్కలు కోసి, ఒకటి నాంచారమ్మకు పెట్టింది. ఆమె తల వంచుకుని తింది. ఆ తియ్యదనంలోనూ ఆమెకు సిగ్గు పూర్తిగా పోలేదు.

ఆ చలికాలం ఆమె రంపం పట్టుకుని చెట్టు ముందు నిలబడి గట్టిగా కేక వేసింది.

"బాలా! ఏదబ్బా?"

గోడ మీద గోరింక ఆ రోజు అరవలేదు.

మరిచిపోవడం తప్పు కాదు. ఆ మరుపును దాచుకోవడానికి ఇంకొకరి మీద నింద వేయడమే తప్పు.